గోనెగుడ్డ సీసా

చీపురుతో మంచం కింద ఊడుస్తుంటే సీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చి పెంటమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

ప్లాస్టిక్ సీసా. దాని చుట్టూ గోనెగుడ్డ చుట్టి, సుతిలి దారంతో దగ్గర దగ్గరగా కుట్టారు. గోనె తడిగా ఉంది. లోపల సగానికి నీళ్లున్నాయి.

పెంటమ్మ వంగి దాన్ని రెండు వేళ్లతో ఎత్తింది, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు.

"ఏందే ఇది?"

మంచం మీద ఉన్నది కోడలు సంజుక్త. నిన్నటి నుంచి ఆమెకు చలిజ్వరం. ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి ఎర్రగా కమిలింది. రవిక తగిలినా ప్రాణం పోతోంది. చెయ్యి ఒంటికి ఆనకుండా దూరంగా పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. మంచం పక్కన కుంపటి, కిటికీకి అడ్డంగా పాత చీర. ఆ గదిలో గాలి పీల్చాలన్నా ఎవరి అనుమతో కావాలి.

"నిన్నే అడుగుతున్న. ఎవలిచ్చిన్రు నీళ్లు?"

"దూప, అత్తా," అంది సంజుక్త గోడతోనే.

"దూపయితదని బాలింతలందరు బిందెలు బిందెలు దాగుతున్నరా? మొన్న సద్దినీళ్లల్ల బువ్వ కలుపుకోని తిన్నవ్. పాలు చెడగొట్టుకున్నవ్. జరం తెచ్చుకున్నవ్. ఇంకా బుద్ధి రాలె?"

ఒడిశాలో సంజుక్త పుట్టిన ఊళ్లో రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినడం అందరికీ అలవాటే. ఈ ఇంట్లో అది బాలింత చెయ్యకూడని పని అని చెప్పడానికి పక్కన తల్లి లేదు. పూణెలో అపార్టుమెంట్లకు రంగులేసే చోట పెంటమ్మ కొడుకు అనిల్ ఆమెను చూశాడు, పెళ్లి చేసుకున్నాడు, కోడేరు మండలంలోని ఈ ఊరికి తెచ్చాడు. తెచ్చి తల్లికి అప్పజెప్పి, తన పని అయిపోయిందనుకున్నాడు.

మగపిల్లవాణ్ని కన్నందుకు ఆమెకు కొన్నాళ్లు మర్యాద దొరికింది. రొమ్ము గట్టిపడ్డ రోజున అదీ అయిపోయింది. ఆ పాలు తాగితే పిల్లవాడికి జలుబు చేస్తుందని పెంటమ్మ తేల్చేసి, వాణ్ని తల్లి దగ్గర్నుంచి తీసేసి, డబ్బాపాలు పట్టించింది. తాగేవాడు లేక పాలు లోపలే గడ్డకట్టాయి. గడ్డ పెరుగుతున్న కొద్దీ తను చెప్పిందే నిజమని పెంటమ్మకు నమ్మకం పెరిగింది. ఆశా కార్యకర్త సుహాసిని వచ్చి వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మంటే, తొట్టెల కానిచ్చి తీసుకుపోతామని చెప్పి, చాయ్ ఇచ్చి పంపేశారు.

ఆ తొట్టెల ఇవాళే. పిల్లవాణ్ని ఊయల్లో వేసి పేరు పెట్టాలి. ముందు వాకిట్లో షామియానా వేశారు, చుట్టాలు దిగారు. తల్లి బతికి ఉండాలన్న ఏర్పాటు ఒక్కటే ఇంకా ఎవరూ చెయ్యలేదు.

తలుపు తోసుకుని అర్చన లోపలికి వచ్చింది. అర్చన పెంటమ్మ కూతురు. తిమ్మాజిపేట దగ్గర భూములున్న ఇంటికి కోడలుగా వెళ్లింది, వెళ్లిన నాటి నుంచి పుట్టింట్లో ప్రతిదీ ఆమె ముక్కుకు వాసన కొడుతుంది.

"అమ్మా, బాలింతను బయటికి ఎప్పుడు తెస్తరని మా అత్త అడుగుతుంది."

"చీర మార్చి తోల్కరా దీన్ని."

"నేనా? పట్టుచీర కట్టుకున్న. గా పాలవాసన అంటితే పోదు." అర్చన పైట ముక్కుకు పెట్టుకుంది. "గా సీసా ఎవలిది?"

"ఎవలిదైతే నీకేంది. నువ్వు పిల్లగాన్ని సూస్కో, పో."

ఎవరిదో పెంటమ్మకు చూడగానే తెలిసింది. సీసాకు అలా గోనె కుట్టడం ఊళ్లోనే ఉండిపోయినవాళ్లకు రాదు. గోనె తడిపి పెడితే ఎండలో కూడా నీళ్లు చల్లగా ఉంటాయని, పట్నాల్లో మేడలు కట్టే చోట కంకర మోసినవాళ్లకే తెలుసు. ఆ కుట్టు పెంటమ్మ చేతులకు కూడా వచ్చు. ఆ సంగతి అర్చన అత్త ముందు బయటపడకూడదన్నదే ఆమె బాధ. కోడలి జ్వరం ఆ బాధకు తర్వాత.

సీసాను కొంగు కింద దాచుకుని పెరట్లోకి నడిచింది.

పెరట్లో ఈరమ్మ రాతిబండ మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. ఈ ఇంట్లో పండుగైనా పెళ్లయినా ఈరమ్మను పిలుస్తారు. పెరటి గేటు నుంచి పిలుస్తారు. పని చేయిస్తారు, అన్నం ఆకులో పెట్టి బండ మీద ఉంచుతారు. కిటికీ పక్కనే కూర్చుంది కాబట్టి గదిలో మూలుగు ఆమెకు పొద్దున్నుంచీ వినిపిస్తూనే ఉంది.

పెంటమ్మ సీసాను ఆమె ముందు విసిరింది. గొంతు మాత్రం పెరడు దాటనివ్వలేదు.

"ఇదేంది ఈరమ్మా?"

"నా సీసా."

"నా కోడలి మంచం కిందికి ఎట్ల బోయింది?"

"కిటికీలకెల్లి నేనే ఇచ్చిన. దూప దూప అని ఏడుస్తుంటే ఇయ్యనా?"

"నిన్నెవలడిగిన్రు? బాలింతకు నీళ్లిస్తరా ఎవలన్న? చర్చికి పోయేదానివి, మా పథ్యం నీకేమెరుక?"

"చర్చికి పోయేటోళ్లకు గూడ దూపయితదమ్మా."

"మెల్లగ మాట్లాడు. సుట్టాలున్నరు."

ఈరమ్మ ఎల్లిగడ్డ చేట పక్కన పెట్టింది. "గదే గదా నీ పరేషాన్. గా పిల్ల ఒళ్లు పెనమోలె కాలుతుంది. చెయ్యి పెట్టి సూసినవా? రొమ్ముల చీము పడ్తుంది. దవాఖానకు తోల్కపోరి. నా కొడుకు కుర్చీలు తెచ్చి గేటు కాడ్నే ఉన్నడు. ఆటో ఉత్తగనే ఉంది."

"తొట్టెల కావాలె ముందు."

"తొట్టెల రేపైనా అయితది."

"నువ్వు జెప్తే నేను ఇననీకె? నాలుగు ఎల్లిగడ్డలు ఒలువమంటే ఇంట్ల పెత్తనం జేస్తవా?"

ఇద్దరూ గుసగుసగానే తిట్టుకుంటున్నారు. షామియానా కింద ఎవరో సీతాకోకచిలుకల కాగితాలు కడుతూ నవ్వుతున్నారు. వంటవాడు పెరటి మూలన పొయ్యి రాజేస్తూ ఇటు వినిపించుకోనట్టు నటించాడు. అతనికి ఈ ఇంట్లో ఇంకా పని దొరకాలి.

కిటికీలోంచి సంజుక్త గొంతు వచ్చింది. "మౌసీ."

ఈరమ్మను పిన్నిగా పిలుచుకుని ఆమె సైటు హిందీలో మాట్లాడుతుంది. ఆ ఊళ్లో ఆమె పూర్తిగా ఒక వాక్యం చెప్పుకోగలిగేది మొగుడితోనూ ఈరమ్మతోనూ. మొగుడు వినడం మానేశాడు కాబట్టి ఈరమ్మ ఒక్కతే మిగిలింది. చలి వేస్తోందని, చెయ్యి ఎత్తలేకపోతున్నానని, బాబు ఏడుస్తున్నాడు తెచ్చివ్వమని చెప్పింది.

ఈరమ్మ లేచి చేతులు కడుక్కుంది. సీసా తీసుకుని నల్లా కింద నింపింది. పెరటి తలుపు వైపు నడిచింది.

ఆమె ఎటు పోతోందో అర్థం కావడానికి పెంటమ్మకు ఒక్క క్షణం పట్టింది. ఆ గడప దగ్గర ఈరమ్మ ఎప్పుడూ ఆగిపోతుంది కాబట్టి, ఆగుతుందనుకుంది. ఆగలేదు. వంటగది దాటి, నడవ దాటి, బాలింత గదిలోకి వెళ్లింది.

"ఈరమ్మా, బయటికి రా," అంది పెంటమ్మ వెంట పరుగెత్తుతూ. ఈసారి గొంతు తగ్గించడం మరిచిపోయింది.

హాల్లో మాటలు ఆగిపోయాయి.

హాల్లో సోఫా మీద పెంటమ్మ మొగుడు దశరథం, అర్చన అత్త, మరో నలుగురు పెద్దలు ఉన్నారు. దశరథం ఈ ఇంటిని పూణెలో చూసిన ఇళ్లలా కట్టించాడు. గోడలకు నున్నని రంగులు, కింద జారే టైల్స్. అక్కడ అలాంటి ఇళ్లు ఎన్నో కట్టాడు గానీ, కట్టడం అయ్యాక ఒక్కదాని గేటు లోపలికీ అతన్ని రానివ్వలేదు. ఇప్పుడు తన గేటు లోపలికి ఎవరు రాకూడదో చూసుకోవడమే అతను సంపాదించిన పెద్దరికం.

"ఆమె లోపలికొస్తదా మీ ఇంట్ల?" అని అడిగింది అర్చన అత్త.

లోపల ఒక మనిషి మూలుగుతోందని ఆమెకు వినపడింది. ఆమె అడిగింది మాత్రం ఇది.

"రాదు, రాదు," అన్నాడు దశరథం. "ఏమే, ఏందది?"

ఈరమ్మ సంజుక్తను భుజం కింద చెయ్యి వేసి నడిపించుకుంటూ బయటికి వచ్చింది. సంజుక్త కాళ్లు తడబడుతున్నాయి. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుంది. అందరి ముందు సీసా ఎత్తి గటగటా తాగింది, నీళ్లు గడ్డం మీంచి కారాయి. అర్చన అత్త నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, బాలింత నీళ్లు దాగుతుందా పెంటమ్మా? అర్చనకైతే నేను నెల దినాలు కారం బువ్వ తప్ప పెట్టలె. గుక్కెడు కాగబెట్టిన నీళ్లు, గంతే."

"మా ఇంట్ల గూడ అంతే వదినా," అంది పెంటమ్మ తొందరగా. "అనిల్ పుట్టినప్పుడు పూణె పెద్ద దవాఖానల కాన్పయితే మా అమ్మ ఆడికే వచ్చి మూడు నెలలు పథ్యం జేసింది. చుక్క సల్లనీళ్లు ముట్టనియ్యలె. ఇది ఒరిస్సా పిల్ల, దీనికి మన పద్ధతులు యాడియి. పుట్టింటోళ్లు గూడ దిక్కులేరు."

ఈ కథ ఆమె ఇంతకుముందు చాలాసార్లు చెప్పింది. చెప్పి చెప్పి తనే నమ్మింది. పాపం, ఈరమ్మ ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఈరమ్మ ఆమె వైపు చూసింది. ఊళ్లోకి తిరిగొచ్చాక ఎప్పుడూ పిలవని పేరుతో పిలిచింది.

"పెంటీ. మీ అమ్మ యాడికొచ్చింది?"

పెంటమ్మ కొంగు సర్దుకుంటూ అర్చన అత్త వైపు చూసింది.

"రేకుల షెడ్డుల కన్నవ్. నీదీ నాదీ ఒక్కటే షెడ్డు. అనిల్ బొడ్డు కోసింది నేను. కాన్పయిన గంటకే నీళ్లడిగితే నా సీసాలకెల్లే తాగినవ్. గీ అసొంటి సీసాలకెల్లే. తెల్లారి సద్దిబువ్వల ఉల్లిగడ్డ నంజుకోని తిన్నవ్. నీకేమైంది? నీ కొడుకుకేమైంది?"

"నోరు ముయ్యి," అంది పెంటమ్మ.

"నీకు గూడ గిట్లనే పాలు గడ్డ కట్టె. ఇదే పక్క. మేస్త్రీ కాళ్లు పట్టుకోని, నిన్ను ఇసుక లారీల కూసోబెట్టుకోని దవాఖానకు తోల్కపోయింది ఎవలు? డాక్టరు కోసిన మచ్చ ఉన్నదా, పోయిందా?"

పెంటమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కకు వెళ్లింది. అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి దించేసింది. కానీ చూడవలసినవాళ్లు చూశారు.

అర్చన అత్త దశరథం వైపు తిరిగింది. దశరథం చాయ్ కప్పులోకి చూస్తూ, అందులో ఏదో పడిందన్నట్టు కదిలించాడు. ఆ షెడ్డులో అతనూ ఉన్నాడు. పెళ్లాం జ్వరంతో పడి ఉంటే, ఆ రోజు స్లాబ్ పని వదిలితే మేస్త్రీ పేరు కొట్టేస్తాడని పనికి వెళ్లిపోయింది అతనే. అది ఈరమ్మ చెప్పలేదు. చెప్పనందుకు అతను మనసులో ఆమెకు దండం పెట్టుకుని ఉండాలి, ఆ పాటి సిగ్గు ఉన్న మనిషయితే.

అనిల్ నడవలో నిలబడి ఇదంతా విన్నాడు. కొత్త చొక్కా వేసుకుని, చేతిలో పూలదండతో ఉన్నాడు. తల్లి వైపు ఒకసారి, పెళ్లాం వైపు ఒకసారి చూశాడు.

"అమ్మా, నిజమేనా?"

"ఇప్పుడు అదా నువ్వు అడిగేది?" అంది ఈరమ్మ. "నీ పెండ్లాం నిలవడలేకపోతుంది. ఎత్తుకో."

అనిల్ తండ్రి మొహం చూశాడు. ఇరవై అంతస్తుల పైనుంచి తాడు మీద వేలాడుతూ గోడలకు రంగులేసిన మొగాడు, సొంత పెళ్లాన్ని ముట్టుకోవడానికి సోఫాలో కూర్చున్న మనిషి వైపు చూశాడు.

"బాలింతను ముట్టుకుంటే..." అని ఎవరో పెద్దాయన మొదలుపెట్టాడు.

సంజుక్త మోకాళ్లు వంగిపోయాయి. ఈరమ్మ ఒక్కతే ఆపలేకపోయింది. అప్పుడు గానీ అనిల్ పూలదండ కింద పడెయ్యలేదు. ఆమెను రెండు చేతులా ఎత్తుకుని షామియానా మధ్యలోంచి గేటు దాకా తీసుకెళ్లాడు. చుట్టాలు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. అంతకు మించి ఎవరూ సాయం చెయ్యలేదు.

ఈరమ్మ కొడుకు సాంసన్ ఆటో సీటు దులిపి తుడిచాడు. ముందు ఈరమ్మ సీసాతో ఎక్కి ఒక మూలకు కూర్చుంది. అనిల్ సంజుక్తను పక్కన ఉంచితే ఆమె తల ఈరమ్మ ఒళ్లో పెట్టి కాళ్లు ముడుచుకుంది.

"నాగర్‌కర్నూల్ దవాఖానకేనా?" అడిగాడు సాంసన్.

"ఆ. నడువు."

సంజుక్త తల ఎత్తింది. "బాబు," అంది. ఎవరూ కదలకపోయేసరికి కాలు కింద పెట్టి దిగబోయింది. "బాబు రాడు, నేను రాను."

ఈరమ్మ ఆమె భుజం పట్టి ఆపింది. "పిల్లగాన్ని తేరి. పాలు తీయాలె, తాగాలె. వాన్ని ఈడ ఉంచి దీన్ని యాడికి తోల్కపోతం?"

పెంటమ్మ అప్పటికే అర్చన చేతుల్లోంచి పిల్లవాణ్ని లాక్కుంది. "వాడు రాడు. తొట్టెల ఎయ్యాలె. అందరొచ్చిన్రు. దాన్ని తోల్కపోతే తోల్కపొండ్రి."

"తల్లి లేకుంట తొట్టెల ఎట్ల ఏస్తవమ్మా?" అన్నాడు అనిల్. అతను ఆ రోజు పలికిన పనికొచ్చే మాట అదొక్కటే.

"మేనత్త ఏస్తది."

పిల్లవాడు కేరుమని ఏడుపు అందుకున్నాడు. అర్చన పాలసీసా నోట్లో పెడితే నాలుకతో తోసేశాడు. తల అటూ ఇటూ తిప్పుతూ పెంటమ్మ పట్టుచీరను నోటితో వెతుకుతున్నాడు. ఆటోలో సంజుక్త రవిక ముందు భాగం తడిసింది. ఆమె ఏడుస్తున్న చప్పుడు అందరికీ వినిపించింది, ఎవరి మొహంలోనూ ఏమీ మారలేదు.

దశరథం వరండా మెట్ల దాకా వచ్చాడు. అందరూ అతని నోటి వైపు చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"పిల్లగాన్ని పంపు. దానికేమన్నయితే కేసైతది. ఆశా సుహాసిని నిన్ననే జెప్పిపోయింది, రేపు అందరికి చెప్తది. నా ఇంటి మీదికి తేకు."

ఆ ఇంట్లో సంజుక్త ప్రాణానికి అనుకూలంగా ఒక పెద్దమనిషి పలికిన మాట ఇదే. దీనికే మురిసిపోవాలి.

పెంటమ్మ గేటు దాకా వచ్చింది. ఈరమ్మ చేతులు చాచింది. పెంటమ్మ పిల్లవాణ్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నీ చేతికియ్య. నేనే వస్త."

"రా మరి. ఎక్కు."

పెంటమ్మ ఆటోలోకి చూసింది. "నువ్వు దిగి ముందుకు పో, నీ కొడుకు పక్కకు. నేను ఎన్క కూసుంట."

"దీని తల నా ఒళ్లె ఉంది. ఒళ్లు కాలిపోతుంది. నేను దిగ." ఈరమ్మ సంజుక్త కాళ్లను తన వైపు లాగి, సీటు చివర జాగా చేసింది. "ఈడ కూసో. ఎన్నడు కూసోలేదా నా పక్కన?"

వెనక షామియానా కింద కుర్చీలు కదిలాయి. అందరూ లేచి నిలబడి చూస్తున్నారు. అర్చన అత్త గొంతు తీరిగ్గా వచ్చింది.

"పెంటమ్మా, నువ్వు ఆమె పక్కన కూసోని పోతే, మేమింక ఈడ దేనికి? మా బండి తీయమంట."

అర్చన మొహం తెల్లబోయింది. "అమ్మా," అంది. ఎటు రమ్మంటోందో పెంటమ్మకు చెప్పనక్కర్లేదు.

సాంసన్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. "ఎక్కుతవా, పోవాల్నా?"

పెంటమ్మ ఒక కాలు ఆటోలో పెట్టింది. రెండో కాలు ఇంకా గేటు ముందు, మొగుడు పరిపించిన టైల్స్ మీదే ఉంది. పిల్లవాడు ఆటో వైపు తిరిగి, తల్లి వాసన తగిలి, ఏడుపు ఆపాడు.

సీటు మీద ఖాళీ జాగాలో గోనెగుడ్డ సీసా ఉంది. కూర్చోవాలంటే దాన్ని చేత్తో తీసి ఒళ్లో పెట్టుకోవాలి. ఈరమ్మ దాన్ని తియ్యలేదు.